తూచే ముందు తేమ సంగతి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

జీవద్రవ్యరాశి మీద తొలి నివేదిక రాయబోతున్నావని, ఆ మాటకు ఒక్కో పుస్తకంలో ఒక్కో అర్థం కనబడి తికమకపడుతున్నావని రాశావు. ఆవరణశాస్త్రంలో అది ఒక చోట, ఒకానొక సమయాన ఉన్న జీవుల మొత్తం బరువు; ఇంధన రంగంలో కట్టె, ఊక, పేడ వంటి, మండించడానికో పులియబెట్టడానికో పనికివచ్చే సేంద్రియ పదార్థం. ఎవరి అవసరానికి వారు వాడుకున్నా, తూచే వేళ ఇద్దరికీ అడ్డుపడేది నీరే. కాబట్టి నీ అంకె పచ్చి బరువుదా, ఎండు బరువుదా అన్నది ముందుగా తేల్చుకో.

కట్టె ముక్కలను 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఓవెన్‌లో ఉంచి, వరుసగా రెండు తూకాలు ఒకేలా వచ్చేదాకా ఆరబెట్టు. చేతికి పొడిగా తగిలాయి కదా అని నేనొకసారి మర్నాటి ఉదయమే తీసి బరువు రాసేశాను. లోపలే వదిలేసిన నాలుగు ముక్కలు సాయంత్రానికి ఇంకా తగ్గి ఉండటంతో, వారం రోజుల పట్టికలు కొట్టివేయవలసి వచ్చింది. పూర్తిగా ఎండిన కట్టె కిలోకు సుమారు 18 మెగాజౌళ్ల వేడినిస్తే, సగం బరువు నీరే ఉన్న పచ్చి కట్టె 8 దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే కట్టె సగమే ఉండటంతో పాటు ఆ నీటిని ఆవిరి చేయడానికి కూడా కొంత వేడి ఖర్చవుతుంది. బయోగ్యాస్‌కు మాత్రం ఈ పేచీ లేదు. అక్కడ పేడలో నీళ్లు కలపనిదే పని జరగదు.

ఇక నిల్వను, పెరుగుదలను కలిపి రాయకు. చాలామంది తడబడేది ఇక్కడే. సముద్రంలో కొన్ని చోట్ల వృక్షప్లవకాల (నీటిలో తేలుతూ ఎండతో ఆహారం తయారుచేసుకునే సూక్ష్మజీవుల) బరువు వాటిని తినే జంతుప్లవకాల (నీటిలో తేలే చిన్న జంతువుల) బరువు కంటే తక్కువగా ఉంటుంది. అయినా వృక్షప్లవకాలు కొద్ది రోజుల్లోనే రెట్టింపవుతూ, తిన్నంత మేరా మళ్లీ పుడుతుంటాయి గనుక వాటిని తినే జీవులకు మేత కరువు కాదు. అడవి అలా కాదు. నిలిచి ఉన్న కట్టెను చూసి ఇంత ఇంధనం ఉందని లెక్కవేస్తే, ఏడాదికి పెరిగేది ఎంతో తెలియకుండానే మూలధనాన్ని ఖర్చుపెట్టినట్లవుతుంది; పొయ్యిలో ఒక పూటలో వెలువడిన కర్బనాన్ని తిరిగి పట్టుకోవడానికి కొత్త చెట్టుకు దశాబ్దాలు పట్టవచ్చు. పంట వ్యర్థాలనైనా మొత్తం ఊడ్చుకుపోవచ్చని రాయకు, వాటిలో కొంత నేలకు తిరిగి చేరాలి.

పట్టికలో ప్రతి అంకె పక్కన ఎండు బరువని, చదరపు మీటరుకని, కోసిన తేదీని రాసి, మొదటి ప్రతి పంపించు.

నీ శ్రేయోభిలాషి