కౌంటీ ఉద్యోగం వచ్చింది, జీతం తక్కువ: చేరాలా, వద్దా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో డల్లాస్ దగ్గర ఉంటాం. మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. ఈ మధ్యే జాగ్రఫీలో డిగ్రీ పూర్తి చేసింది. మాకు దగ్గర్లోని కౌంటీ ప్రభుత్వంలో జీఐఎస్ (కంప్యూటర్ మ్యాపుల) అనలిస్ట్‌గా ఏడాదికి 60 వేల డాలర్ల ఆఫర్ వచ్చింది. ఒక ప్రైవేటు కన్సల్టింగ్ కంపెనీ 72 వేలు ఇస్తానంటోంది. గవర్నమెంట్ ఉద్యోగం, కళ్లు మూసుకుని చేరమంటున్నారు మావారు. అక్కడ జీతం పెరగదేమోనని అమ్మాయికి టెన్షన్. ఫెడరల్ స్టూడెంట్ లోన్ కూడా ఉంది. వచ్చే శుక్రవారంలోపు చెప్పాలి. ఏం చేయమంటారు? (ఒక తల్లి)

సమాధానం: అమ్మా, నా మొగ్గు కౌంటీ వైపే. కానీ కళ్లు మూసుకుని మాత్రం చేరొద్దు. మీవారు అంటున్న గవర్నమెంట్ ఉద్యోగం వేరు, మీ అమ్మాయికి వచ్చింది వేరు. ముందు ఆ తేడా మీ ముగ్గురికీ తెలియాలి.

మన రాష్ట్రాల్లో పీఆర్సీ వేస్తే రాష్ట్రమంతటికీ ఒకటే. శ్రీకాకుళంలో పనిచేసినా చిత్తూరులో పనిచేసినా ఆ కేడర్‌కి అదే స్కేలు, అదే డీఏ. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది, టెక్సస్‌లో 254 ఉన్నాయి. ఏ కౌంటీకి ఆ కౌంటీయే పీఆర్సీ అనుకోండి. జీతాలు, ఇన్సూరెన్స్, సెలవులు, ఇంటి నుంచి పని, ఇవన్నీ తేల్చేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉంది గానీ అది పాలకవర్గం. ఎన్నికైన కౌంటీ జడ్జి ఒకరు, కమిషనర్లు నలుగురు, మొత్తం ఐదుగురు. డల్లాస్ చుట్టుపక్కల పెద్ద కౌంటీల్లో బడ్జెట్ ఏడాది అక్టోబర్ 1న మొదలవుతుంది కాబట్టి, వచ్చే ఏడాది ఇంక్రిమెంట్ ఉందా లేదా అన్నది ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఈ ఐదుగురి ఓటుతో తేలిపోతుంది.

జీతం పెరగదేమోనన్న అమ్మాయి భయం ఉత్తిది కాదు. కౌంటీకి ప్రధాన ఆదాయం ఆస్తి పన్ను. 2019లో టెక్సస్ ఒక చట్టం చేసింది. ఉన్న ఆస్తుల మీద, రోజువారీ ఖర్చుల కోసం వసూలు చేసే పన్ను ఆదాయాన్ని పెద్ద కౌంటీలు ఏడాదిలో 3.5 శాతానికి మించి పెంచాలంటే సాధారణంగా ఓటర్ల అనుమతి తీసుకోవాలి. అందులోనే జైలు, రోడ్లు, కోర్టులు, సిబ్బంది జీతాలు సర్దాలి. కొత్త కట్టడాల మీద వచ్చే పన్ను ఆ లెక్కలోకి రాదు. అందుకే కొత్త ఇళ్లు జోరుగా లేస్తున్న మీ వైపు కౌంటీలకు కాస్త ఊపిరాడుతుంది.

పోరాడి తెచ్చుకునే దారి కూడా అక్కడ లేదు. 2022 ఫిబ్రవరి 3న పీఆర్సీ మీద ఉద్యోగులు ఛలో విజయవాడ అంటూ వేలల్లో కదిలారు, మీకు గుర్తుండే ఉంటుంది. టెక్సస్‌లో ప్రభుత్వ ఉద్యోగులు సమ్మె చేయడం చట్టవిరుద్ధం. కొన్ని చోట్ల పోలీసులకు, అగ్నిమాపక సిబ్బందికి తప్ప యూనియన్ కూర్చుని జీతాల ఒప్పందం కుదుర్చుకునే వీలూ లేదు. అదే కాలిఫోర్నియాలో అయితే 1968 నాటి చట్టం ప్రకారం కౌంటీ యూనియన్లతో మాట్లాడి తీరాలి. దేశం ఒకటే, కౌంటీ అన్న మాటా ఒకటే, పద్ధతి మాత్రం పూర్తిగా వేరు. కాలిఫోర్నియాలో ఉన్న బంధువులు చెప్పింది విని మీరు నిర్ణయం తీసుకోకండి.

ఉద్యోగ భద్రత గురించి మీవారికి ఇంకో మాట. ఇక్కడ కౌంటీ ఉద్యోగాలు చాలావరకు అట్-విల్. అంటే మన దగ్గరలా ఛార్జిమెమో, ఎంక్వైరీ అన్న వరస లేకుండానే ఎప్పుడైనా తీసెయ్యవచ్చు. పైగా షెరీఫ్, కౌంటీ క్లర్క్, ట్యాక్స్ అసెసర్ లాంటి వాళ్లంతా నాలుగేళ్లకోసారి ఎన్నికయ్యేవాళ్లు. వాళ్ల ఆఫీసుల్లో జీతం ఎంతో కమిషనర్స్ కోర్టు చెబుతుంది, ఎవరిని ఉంచుకోవాలో మాత్రం వాళ్లిష్టం. మనిషి మారితే గాలి మారవచ్చు. కాబట్టి అమ్మాయి పోస్టు ఏ డిపార్ట్‌మెంట్ కింద ఉందో అడగాలి. కమిషనర్స్ కోర్టు కింద నేరుగా నడిచే ఐటీ లాంటి విభాగమైతే ఎన్నికల కుదుపు తక్కువ. ఇంత చెప్పినా, ప్రైవేటు కన్సల్టింగ్‌లో ప్రాజెక్టు పోతే ఉద్యోగం పోయినట్టుగా ఇక్కడ ఊరికే పోదు. ఆ మేరకు మీవారి మాట నిజమే.

ఇక అసలు విషయం, రిటైర్మెంట్. ఆఫర్ లెటర్‌లో ఇది ఒక్క లైను ఉంటుంది, పిల్లలు దాన్ని దాటేసి జీతం అంకె చూస్తారు. టెక్సస్ కౌంటీల్లో ఎక్కువ భాగం టీసీడీఆర్‌ఎస్ అనే రాష్ట్రవ్యాప్త పెన్షన్ వ్యవస్థలో ఉన్నాయి. జీతంలో 4 నుంచి 7 శాతం వరకు తప్పనిసరిగా కట్ అవుతుంది. ఎంత శాతమో కౌంటీ నిర్ణయిస్తుంది. దాని మీద ఏటా 7 శాతం వడ్డీ, ఇది చట్టంలోనే రాసి ఉంది. రిటైరయ్యేటప్పుడు ఆ మొత్తానికి కౌంటీ తన వాటా కలుపుతుంది. అది 100 శాతం నుంచి 250 శాతం వరకు ఉండవచ్చు, అదీ కౌంటీ నిర్ణయమే. అలా కలిపిన మొత్తం మీద బతికున్నంత కాలం నెలనెలా పెన్షన్ వస్తుంది.

ఒక లెక్క చూడండి. 60 వేలలో 7 శాతం అంటే మొదటి ఏడాది 4,200 డాలర్లు. ఆ ఒక్క ఏడాది డబ్బే 30 ఏళ్లలో 7 శాతం వడ్డీతో సుమారు 32 వేలవుతుంది. కౌంటీ కలిపే వాటా, అంటే మ్యాచ్, 200 శాతమైతే ఇంకో 64 వేలు కలుస్తాయి. మొత్తం 96 వేలు. ఇది ఒక్క ఏడాది కోత సంగతి మాత్రమే. ప్రైవేటు కంపెనీ ఎక్కువ ఇస్తానంటున్న 12 వేల పక్కన పెట్టి చూడాల్సింది ఈ అంకెను.

కానీ దీనికో తాళం ఉంది, దాని పేరు వెస్టింగ్. కౌంటీ వాటా దక్కాలంటే 5, 8, 10 ఏళ్లలో కౌంటీ ఏది ఎంచుకుంటే అన్నేళ్ల సర్వీసు ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒక అబ్బాయి 8 ఏళ్ల వెస్టింగ్ ఉన్న కౌంటీలో 7 ఏళ్ల 4 నెలలు చేసి మానేశాడు. ఇంటి డౌన్ పేమెంట్‌కని ఖాతాలో ఉన్న 36 వేల డాలర్లూ తీసేశాడు. 20 శాతం పన్ను ముందే పట్టుకుని 28,800 చేతికిచ్చారు. 59 ఏళ్లన్నర నిండక ముందే తీసినందుకు, ట్యాక్స్ రిటర్న్ వేసేటప్పుడు ఇంకో 10 శాతం జరిమానా పడింది. కౌంటీ వాటా ఒక్క డాలరూ రాలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ తర్వాతి సంగతి. ఏడాది తిరక్కుండానే అతను ఒక సిటీ ప్రభుత్వంలో చేరాడు. ఆ ఖాతాను కదపకుండా వదిలేసి ఉంటే సిటీ సర్వీసూ కౌంటీ సర్వీసూ కలిపి లెక్కేసేవాళ్లు, 8 నెలలకే వెస్టింగ్ పూర్తయ్యేది. కాగితాలు నా టేబుల్ మీద పెట్టి, "ఈ మాట ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు. అప్పటికే డబ్బు తీసేశాడు, నేను చెయ్యగలిగింది ఏమీ లేకపోయింది. మీ అమ్మాయి చేరినా, మధ్యలో మానేసినా, ఆ ఖాతా మీద మాత్రం చెయ్యి వెయ్యొద్దని ఇప్పుడే చెప్పండి. వెస్టింగ్ పూర్తయినవాళ్లు డబ్బు మొత్తం తీసేసుకున్నా కౌంటీ వాటా పోతుంది.

ఇంకో లోటు ఉంది. మన పెన్షనర్లకు డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) పెరుగుతుంది. ఇక్కడ పెన్షన్ ధరలతో పాటు దానంతటది పెరగదు. పెంచాలా వద్దా అన్నది కౌంటీ ఓటు వేసి చెయ్యాల్సిన పని, కొన్ని కౌంటీలు ఏళ్ల తరబడి పెంచవు. ఆ కోతతో నెల జీతం చేతికి తక్కువ వస్తుందన్నదీ మరవకండి. ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఆ తేడా గట్టిగానే తెలుస్తుంది.

లోన్ సంగతి. ఫెడరల్ డైరెక్ట్ లోన్ అయితే కౌంటీలో ఫుల్‌టైమ్ చేస్తూ 120 నెలవారీ వాయిదాలు కట్టాక మిగిలింది మాఫీ అవుతుంది. 2007లో వచ్చిన పథకం ఇది. అయితే మామూలు పదేళ్ల వాయిదాలే కడుతూ పోతే పదేళ్లకు మాఫీ చెయ్యడానికి ఏమీ మిగలదు. ఆదాయాన్ని బట్టి వాయిదా తగ్గే పద్ధతిలో ఉంటేనే లాభం. లోన్ చిన్నదైతే దీన్ని చూసి ఉద్యోగం ఎంచుకోనక్కర్లేదు.

సెలవుల దగ్గర చాలామంది మోసపోతారు. కాన్పు అయితే ఫెడరల్ చట్టం ఇచ్చేది 12 వారాల సెలవు, అదీ జీతం లేకుండా, ఏడాది సర్వీసు నిండాకే. జీతంతో ఇవ్వాలా వద్దా అన్నది కౌంటీ ఇష్టం. ఓవర్‌టైమ్‌కి కూడా కౌంటీ డబ్బుకు బదులు సెలవు ఇవ్వవచ్చు, గంటకు గంటన్నర చొప్పున. ప్రైవేటు కంపెనీకి ఆ వీలు లేదు. ఓవర్‌టైమ్ వర్తించే పోస్టేనా అన్నది ముందే అడగాలి.

ఈ శనివారం మీ అమ్మాయి పక్కన కూర్చుని ఒక పని చెయ్యండి. కౌంటీ వెబ్‌సైట్‌లో పోయిన ఆగస్టు, సెప్టెంబర్ నెలల కమిషనర్స్ కోర్టు సమావేశాల వీడియోలు ఉంటాయి. బడ్జెట్ చర్చ పెట్టి చూడండి. ఇంక్రిమెంట్ మాట వచ్చినప్పుడు ఆ ఐదుగురూ ఏం మాట్లాడుకున్నారో, జైలు సిబ్బందికి ఇచ్చి ఆఫీసు సిబ్బందిని వదిలేశారేమో వినండి. నేనొక అమ్మాయితో ఇలాగే కూర్చుని చూశాను. అజెండాలో ఇన్సూరెన్స్ ప్రీమియం పెంపు ఒక్క లైనులో ఉంది. చర్చే లేదు, మరో పాతిక అంశాలతో కలిపి ఒకే ఓటుతో దాటిపోయింది. పెరిగిన జీతంలో సగం ఆ లైనే తినేసిందని లెక్కేస్తే తెలిసింది. తర్వాత గత ఐదేళ్ల బడ్జెట్లు తీసి, ఏటా జీతం ఎంత శాతం పెరిగింది, ప్రీమియం ఎంత పెరిగింది అని ఒక కాగితం మీద పక్కపక్కన రాయించండి. అదే పోస్టులో పదేళ్లుగా ఉన్నవాళ్ల జీతం ఎంతో కూడా కనుక్కోండి. పదేళ్లవాళ్లు కూడా 60 వేల దగ్గరే ఉంటే అమ్మాయి భయమే నిజం, అప్పుడు నా మొగ్గు కూడా మార్చుకుంటాను.

ఇది చదివే ఎంఎస్ పిల్లలకు ఒక మాట. మీ సంగతి ఈ అమ్మాయిలా కాదు. స్టెమ్ ఓపీటీకి (చదువయ్యాక ఇక్కడ పనిచేసే అనుమతి పొడిగింపు) కౌంటీ ఈ-వెరిఫైలో (ఉద్యోగుల పని అర్హత సరిచూసే ఫెడరల్ వ్యవస్థ) ఉండాలి. హెచ్1బీ వీసాకి కౌంటీ ప్రభుత్వం అన్నంత మాత్రాన లాటరీ తప్పదు. స్పాన్సర్ చెయ్యబోమని చాలా కౌంటీలు ప్రకటనలోనే రాస్తాయి. అప్లికేషన్ నింపే ముందే హెచ్‌ఆర్‌ను అడిగేయండి.

అమ్మా, చివరిగా, పెళ్లి, ఊరు మారడం లాంటివి మీ మనసులో ఉంటే వాటిని పక్కన పెట్టి, రాబోయే ఎనిమిదేళ్లు టెక్సస్‌లో ఉండాలని ఉందా అని అమ్మాయినే అడగండి. మూడేళ్లలో వేరే రాష్ట్రానికి వెళ్లాలని తనకుంటే ప్రైవేటు ఆఫరే మేలు. ఉంటానంటే సోమవారం పొద్దున్నే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టమనండి: రిటైర్మెంట్ కోత ఎంత శాతం, కౌంటీ మ్యాచ్ ఎంత, వెస్టింగ్ ఎన్నేళ్లు, సోషల్ సెక్యూరిటీ ఉందా, ఇన్సూరెన్స్‌లో తన వాటా నెలకు ఎంత, ప్రొబేషన్ ఎన్ని నెలలు, జీతాన్ని గ్రేడ్‌లో ఇంకాస్త పైమెట్టు మీద మొదలుపెట్టే వీలుందా. ఆ చివరి ప్రశ్న అడగడానికి మన పిల్లలు మొహమాటపడతారు. ఆఫర్‌కు సరే అనకముందే అడగాలి. జవాబు వచ్చాక ఆ మెయిల్ నాకు పంపండి, గురువారం ముగ్గురం కూర్చుని చూద్దాం.