పాడెల్‌లో (చుట్టూ అద్దం, ఇనుప జాలీ గోడలుండే కోర్టులో ఆడే టెన్నిస్ లాంటి ఆట) గట్టిగా సర్వ్ చేస్తే బంతి పక్క జాలీకి తగిలి ఫాల్ట్ అవుతోంది. ఏం చెయ్యాలి?

ముందు బలం తగ్గించండి. చాలాకాలం షటిల్ ఆడి ఈమధ్యే పాడెల్‌కి వచ్చానని రాశారు కదా. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నాతో ఆడేవాళ్లలో చాలామంది అలా వచ్చినవాళ్లే, నేను కూడా. షటిల్ అలవాటు కొద్దీ మణికట్టు విదిలిస్తాం. పాడెల్ రాకెట్‌కి తీగలుండవు, గట్టి పలకలా ఉంటుంది. అలా విదిలిస్తే బంతి ఒక్కోసారి ఒక్కోచోట పడుతుంది. మణికట్టు బిగించి, చెయ్యి భుజం నుంచి కదలనివ్వండి.

ఇక జాలీ సంగతి. నెట్ నుంచి వెనక గోడ దాకా 10 మీటర్లు, సర్వీస్ లైన్ దాకా 6.95 మీటర్లు. పక్కన అద్దం ఉండేది వెనక మూల నుంచి 4 మీటర్లే, ఆ తర్వాత అంతా జాలీ. అంటే సర్వీస్ బాక్సు (నెట్‌కీ సర్వీస్ లైన్‌కీ మధ్య సర్వ్ పడాల్సిన చోటు) పక్కన అద్దం దాదాపు ఒక్క మీటరే! బాక్సులో పడ్డ బంతి అద్దానికి తగిలితే ఆట సాగుతుంది. రెండోసారి నేల తాకకముందే జాలీకి తగిలితే ఫాల్ట్. అందుకే పక్కకి వేసే సర్వ్ సర్వీస్ లైన్‌కి దగ్గరగా, లోతుగా పడాలి. లోతు కుదరని రోజు మధ్య గీత వైపు వేయండి, లేదా అవతలి మనిషి ఒంటి మీదికి వేయండి.

బంతిని నేలకి కొట్టి, నడుము ఎత్తులో గానీ అంతకంటే కింద గానీ తాకాలన్నది రూల్. దాన్ని మీ ముందు, కాస్త పక్కగా పడనిచ్చి, రాకెట్‌ని పైనుంచి కిందికి కోసినట్టు తీసుకురండి. ఈ స్లైస్ వల్ల బంతి పెద్దగా లేవదు. కుడిచేతివాళ్లు కుడివైపు నుంచి సర్వ్ చేస్తే అది అద్దం వైపే ఒరుగుతుంది. ఎడమవైపు నుంచైతే మధ్యకి ఒరుగుతుంది కాబట్టి అక్కడ మధ్య గీతనే గురి చేసుకోవడం మేలు.

స్లైస్ కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. పాడెల్ సర్వ్‌తో నేరుగా పాయింట్ రావడం అరుదు. సర్వ్ చేసి నెట్ దగ్గరికి చేరుకోవడమే దాని అసలు ప్రయోజనం. మెల్లగా, లోతుగా వేస్తే నడిచి వెళ్లేంత సమయం దొరుకుతుంది. గట్టిగా కొడితే మీరు సగం దూరంలో ఉండగానే బంతి కాళ్ల దగ్గరికి తిరిగొస్తుంది. ప్రాక్టీస్‌లో కూడా సర్వ్ చేసి అక్కడే నిలబడిపోకండి, ప్రతిసారీ నెట్ దాకా వెళ్లండి. అద్దం మొదలయ్యే చోట, సర్వీస్ లైన్‌కి కాస్త ముందుగా ఒక వాటర్ బాటిల్ పెట్టి గురి చూడండి.

మన ఎండాకాలం సాయంత్రాల్లో బంతి ఎక్కువ లేస్తుంది, అప్పుడు ఇంకాస్త మెల్లగా వేయండి. వానాకాలంలో తడిసిన బంతి బరువెక్కుతుంది, దానికి కొంచెం ఎత్తు ఇవ్వండి. రెండో సర్వ్‌కి టెన్షన్ పడి పద్ధతి మార్చకండి. అదే స్వింగ్‌తో నెట్ మీద ఓ జానెడు ఎక్కువ ఎత్తులో పంపితే చాలు.