నర్సు డ్యూటీలో చేరిన మేనకోడలికి

రాయగడ,
శుక్రవారం రాత్రి

చిన్నమ్మడూ,

నిన్న ఫోనులో నువ్వు ఏడుపు మింగుకుంటూ మాట్లాడుతుంటే, కూర మాడిపోతోందని మధ్యలోనే పెట్టేశాను. కూర ఎలాగూ మాడింది. అందుకే ఈ ఉత్తరం.

"ఆ కేసులకి నన్నే వేస్తున్నారత్తా, వద్దంటే మీ చర్చివాళ్లంతా ఇంతే అని నవ్వుతున్నారు" అన్నావు. మేట్రన్ గారు ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లి, గర్భస్రావం కేసుల్లో నన్ను వేయొద్దండి, బదులుగా ఎవరికీ పట్టని నైట్ డ్యూటీలు నేను చేస్తానని కాగితం రాసివ్వు. నలుగురి ముందు అడిగావో, ఆవిడకి పరువు సమస్య అయిపోతుంది. నా ఉద్యోగమంతా దసరా రాత్రుళ్లు, దీపావళి రాత్రుళ్లు నావే. క్రిస్మస్ మాత్రం అడక్కుండానే వదిలేసేవారు. ఒకటి మాత్రం మరిచిపోకు. ఎక్కడో మాత్రలు మింగి రక్తం పోతూ ఎవరైనా వస్తే నువ్వే ముందు పరుగెత్తాలి. బీపీ చూడు, సెలైన్ పెట్టు, చెయ్యి పట్టుకో. ఎందుకు చేశావని అడగకు.

చట్టం ఒప్పుకుంది కదా అంటారు. నిజమే, 1971లోనే ఒప్పుకుంది. 2021లో సవరించాక 20 వారాల వరకూ ఒక డాక్టరు అభిప్రాయం చాలు, కొన్ని వర్గాల స్త్రీలకి 24 వారాల వరకూ ఇద్దరిది కావాలి. ఇవి తెలియకుండా వాదనకి దిగి నవ్వులపాలు కాకు. అసలు వాదనకే దిగకు, నామాట విను. నేను దిగి చూశాను.

అప్పటికి నాకు పాతికేళ్లు. పెళ్లికాని గుంట ఒకర్తె వచ్చింది, పందొమ్మిదేళ్లుంటాయేమో. చేతిలో గుడ్డసంచి. దాని కొసని ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. నేను అరగంట ప్రసంగం చేశాను. చంపకూడదన్న అయిదో ఆజ్ఞ చెప్పాను, నరకం కూడా చెప్పాననుకుంటా. తల వంచుకుని అంతా వింది. ఎండలో నడిచొచ్చినదానికి గ్లాసుడు నీళ్లు ఇవ్వాలని నాకు తోచలేదు. మూడో రోజున ఎవరో ఇచ్చిన పసరు తాగి ఆస్పత్రికి వచ్చింది. బతికింది. నన్ను చూసి గోడవైపు తిరిగి పడుకుంది. ఆ ముడి వేసే వేళ్లు ఇప్పటికీ నా కళ్లముందున్నాయి.

ఆ తర్వాత నేను అడిగే ప్రశ్న ఒక్కటే అయిపోయింది: "ఎవరికి భయపడుతున్నావమ్మా?" అడిగి చూడు. దేవుడి గురించి ఎవరూ చెప్పరు. అత్తగారంటారు, అప్పు అంటారు. మీ గంజాం వైపయితే, మొగుడు సూరత్ మగ్గాల్లో ఉన్నాడు, డబ్బు పంపి నాలుగు నెలలైంది అంటారు. ఆ భయానికి మందు నీ దగ్గరుండాలి. గర్భిణులకి డబ్బు సాయమిచ్చే మమత పథకం కాగితాలు ఏ అంగన్‌వాడీలో ఇవ్వాలో, కొండమీది ఊళ్లవాళ్లు కాన్పుకి ముందే వచ్చి ఉండే 'మా గృహ' వసతి ఎక్కడుందో, 102 అంబులెన్సు బండి ఎంతసేపటికి వస్తుందో. బిడ్డను పెంచలేనన్నవాళ్లకి శిశు సంక్షేమ కమిటీ ముందు అప్పగించే దారి ఉంది. మనసు మార్చుకోడానికి 60 రోజుల గడువూ ఉంది. ఈ సంగతి తెలియక ఎంతమంది తల్లులు ఏడ్చారో! పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు నీ డైరీ మొదటి పేజీలో రాసుకో.

సాయం చేసిన చోట గుడి మాట, జపమాల మాట ఎత్తకు. ఒడిశాలో 1967 నుంచి బలవంతంగానో ఆశ చూపో మతం మార్చకూడదనే చట్టం ఉంది, సాయాన్ని ఆశ చూపడం అని తిప్పడానికి ఒక్క మాట చాలు. చట్టం లేకపోయినా నేనిదే చెప్పేదాన్ని. ఆకలితో ఉన్నవాళ్ల దగ్గర మతం మాట్లాడటం నాకు సిగ్గు.

"పుఅ నా ఝిఅ?", కొడుకా కూతురా అని చెవిలో అడిగేవాళ్లు వస్తారు, నూరు రూపాయలు గుప్పిట్లో పెడతారు. అక్కడ మాత్రం మెత్తబడకు. కడుపులో బిడ్డ ఆడో మగో చెప్పకూడదన్న 1994 చట్టం మన పక్షాన ఉంది, గట్టిగానే చెప్పు. విచిత్రం చూడు, నిన్ను చూసి నవ్వే ఆ నర్సులే ఆ మాట దగ్గర నీ పక్కన నిలబడతారు.

డ్యూటీవల్ల ఆదివారం పూజ తప్పితే పాపం కాదు. నిద్రవల్ల తప్పితే ఫాదర్ గారికి చెప్పుకో. మధ్యాహ్నం చేతులు కడుక్కునేటప్పుడు త్రికాల జపం చెప్పుకో, రెండు నిమిషాలు పట్టదు. దేవదూత మరియమ్మకి చెప్పిన కబురు, అనుకోని కడుపు గురించిన జపమే కదా అది! ఊరు ఏమంటుందో మరియమ్మకి తెలీదా? ఆవిడతో పెళ్లి కుదిరిన జోజప్ప వదిలెయ్యకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. మన పని జోజప్ప పని అనుకుంటాను నేను.

నీ హాస్టల్లో పక్కగది పిల్ల, ఆ పని చేయించుకుని వచ్చి రాత్రుళ్లు నిద్రపోవడంలేదన్నావు, మనవాళ్లే అన్నావు. తనకి క్షమాపణ లేదనుకుంటోందేమో. మన రాయగడ మేత్రాసనం, అంటే బిషప్ గారి కింది ప్రాంతం, ఏర్పడిన 2016లోనే, నవంబరులో, ఫ్రాన్సిస్ పోపుగారు ఈ పాపాన్ని మన్నించే అధికారం ఫాదర్లందరికీ ఇచ్చారు. ఏ ఫాదర్ గారి దగ్గర పాపసంకీర్తనం చేసినా, అంటే పాపం ఒప్పుకున్నా, చాలు. ఇది తనకి తెలియాలి, కానీ రేపే వెళ్లి చెప్పకు. ముందు టీ పెట్టి ఇవ్వు. ఏడిస్తే ఏడవనీ.

వచ్చే శనివారం హీరాఖండ్ రైలు ఎక్కుతాను. చింతకాయ పచ్చడి రెండు సీసాలు తెస్తున్నాను, ఒకటి ఆ పిల్లకి.

మీ అత్త