కొడుకు, కోడలు జర్మన్ పౌరులు: హనుమకొండలో ఇల్లు కొనొచ్చా, మామిడి తోట కొనొచ్చా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను రిటైర్డ్ టీచర్‌ని. మా అబ్బాయి పన్నెండేళ్లుగా జర్మనీలో ఉంటున్నాడు. కోడలు అక్కడి అమ్మాయే. 2022లో అక్కడి రిజిస్ట్రీ ఆఫీసులో పెళ్లి చేసుకున్నారు, తర్వాత ఇక్కడ మన పద్ధతిలోనూ చేశాం. పోయిన ఏడాది అబ్బాయికి జర్మన్ పౌరసత్వం వచ్చింది. ఇప్పుడు ఇద్దరూ ఇక్కడికే వచ్చి ఉండిపోతామంటున్నారు. వడ్డేపల్లి వైపు ఒక ఇల్లు, ధర్మసాగర్ దగ్గర రెండెకరాల మామిడి తోట చూశాం. తోటకు అబ్బాయి పేరు మీద అగ్రిమెంట్ రాసుకుని రెండు లక్షలు బయానా ఇచ్చాం. వాడికి ఆధార్, పాన్ ఉన్నాయి. ఇండియన్ పాస్‌పోర్టు కూడా ఇంకా బీరువాలోనే ఉంది. ఇద్దరి పేరు మీదా రిజిస్ట్రేషన్ అవుతుందా? మా అమ్మాయి కరీంనగర్‌లో ఉంటుంది, తనకు అభ్యంతరం లేదు.

జవాబు: సార్, ఇల్లు కొనొచ్చు, కానీ ఇవాళ కాదు. తోట మాత్రం అబ్బాయి పేరు మీద కుదరదు, కోడలి పేరు మీద అసలే కుదరదు. మిగతా బయానా ఇవ్వకండి. ముందు ఈ మాట చెప్పాలనే మీ ఉత్తరానికి వెంటనే జవాబు రాస్తున్నాను.

పన్నెండేళ్ల తర్వాత కొడుకు తిరిగి వస్తానంటే ఏ తండ్రికైనా కాలు ఒకచోట నిలవదు. ఆ తొందరలోనే అగ్రిమెంట్ రాసుకున్నారు. మీరు చేసింది మోసం కాదు, తెలియక చేసింది. అయితే ఇక్కడి నుంచి ప్రతి అడుగూ వరుస ప్రకారం పడాలి.

మొదటి చిక్కు పాస్‌పోర్టు దగ్గరుంది. జర్మనీ 2024 జూన్ 27 నుంచి రెండు పౌరసత్వాలు ఉంచుకోనిస్తోంది. అందుకే చాలామంది మన పిల్లలు ఇండియన్ పాస్‌పోర్టు కూడా చెల్లుతుందనుకుంటున్నారు. వాళ్ల చట్టం ఒప్పుకున్నా మన చట్టం ఒప్పుకోదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మనిషి ఇష్టపడి వేరే దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే భారత పౌరసత్వం పోతుంది. దానికి ఎవరూ నోటీసు ఇవ్వరు. బీరువాలో ఉన్నది ఇప్పుడు వట్టి పుస్తకం. దాంతో ప్రయాణం చేసినా, ఎక్కడైనా చూపించి పని చేయించుకున్నా పాస్‌పోర్టు చట్టం కింద కేసవుతుంది. వెంటనే దాన్ని జర్మనీలోని మన కాన్సులేట్‌లో సరెండర్ చేసి సర్టిఫికెట్ తీసుకోమనండి.

ఇక ఆధార్. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ భయపెట్టింది ఇదే. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో ఆధార్ చూస్తారు, వేలిముద్ర తీసుకుంటారు, పని అయిపోతుంది. ఏ దేశం పౌరుడివని గట్టిగా అడిగేవాళ్లు తక్కువ. అంతమాత్రాన కొన్నది చట్టప్రకారం కొన్నట్టు కాదు.

మూడేళ్ల కిందట నా దగ్గరికి ఒకాయన వచ్చారు. అమెరికా పౌరుడు, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) ఉంది. జనగామ వైపు ఒక వెంచర్‌లో పది గుంటల ఫామ్ ప్లాట్ కొన్నారు. ‘ఎన్నారైలు, ఓసీఐలు ఎవరైనా కొనొచ్చు సార్’ అని వెంచర్ వాళ్లు చెప్పారట. ఆధార్‌తో రిజిస్ట్రేషన్ అయింది, పట్టాదారు పాస్‌బుక్ కూడా వచ్చింది. తల్లి ఆపరేషన్ కోసం అమ్మబోతే కొనేవాళ్ల లాయర్ ఓసీఐ కార్డు చూసి కాగితాలు వెనక్కి ఇచ్చేశాడు. ఆయన నా ఎదురుగా కూర్చుని ఆ పాస్‌బుక్ ప్లాస్టిక్ కవర్‌ను బొటనవేలితో తుడుస్తూనే ఉన్నారు, ‘ప్రభుత్వమే ఇచ్చింది కదండీ ఇది’ అంటూ. ముందు ఆ భూమిని వదిలించుకుని, రిజర్వు బ్యాంకుకు తప్పు ఒప్పుకుంటూ, డబ్బు కట్టి కేసు ముగించుకునే కాంపౌండింగ్ దరఖాస్తు పెట్టుకోవాల్సి వచ్చింది. విదేశీ మారకద్రవ్య లావాదేవీలను చూసే ఫెమా చట్టం 13వ సెక్షన్ కింద జరిమానా అసలు మొత్తానికి మూడు రెట్ల వరకు వేయొచ్చు, ఆస్తినీ జప్తు చేయొచ్చు. మీ అబ్బాయిని ఆ కుర్చీలో చూడాలని నాకు లేదు.

చట్టం ఏం చెబుతోందంటే: విదేశాల్లో ఉండే భారత పౌరులైనా, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లైనా ఇక్కడ ఇల్లు, ఫ్లాట్, షాపు, ఇంటి స్థలం కొనొచ్చు. వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్, ప్లాంటేషన్ మాత్రం కొనకూడదు, బహుమతిగా కూడా తీసుకోకూడదు. ఇది ఫెమా కింద 2019లో వచ్చిన నిబంధనల్లో ఉంది. మామిడి తోట వ్యవసాయ భూమే. మీ అబ్బాయి ఇప్పుడు భారత పౌరుడూ కాదు, ఓసీఐ కూడా కాదు. అక్కడుండే మామూలు విదేశీయుడి కిందే లెక్క. అందుకే ఇల్లు కూడా ఇవాళ కాదన్నాను. సరెండర్ సర్టిఫికెట్ వచ్చాక ఓసీఐకి దరఖాస్తు చేయాలి, కార్డు చేతికొచ్చాక ఇల్లు కొనాలి. టూరిస్టు వీసా మీద వచ్చి కొందామనే ఆలోచన వద్దు.

కోడలికి రెండు దారులున్నాయి. ఓసీఐ ఉన్న భర్తతో కలిసి జాయింటుగా ఒకే ఒక్క ఆస్తి కొనొచ్చు. అయితే పెళ్లి రిజిస్టరై ఉండాలి, రెండేళ్లు ఎడం లేకుండా నిలిచి ఉండాలి. లేదా భర్తకు ఓసీఐ వచ్చాక, అదే రెండేళ్ల షరతు మీద తను కూడా ఓసీఐ తీసుకోవచ్చు. అప్పుడు భర్తతో సమానంగా ఇల్లు కొనే హక్కు ఉంటుంది. నేనైతే రెండోదే చేయమంటాను. ఓసీఐ ఉంటే జీవితాంతం వీసా బాధ లేదు, ఎన్నాళ్లున్నా విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదు. కొత్త దేశంలో కాపురం పెట్టే అమ్మాయికి అది పెద్ద ధైర్యం. భార్యగా వచ్చిన ఓసీఐ మాత్రం కోర్టు విడాకులిస్తే రద్దవుతుంది. ఇది ఆ అమ్మాయికి ముందే తెలియాలి, దాచొద్దు.

దరఖాస్తుకు పెట్టాల్సింది జర్మన్ రిజిస్ట్రీ ఇచ్చిన సర్టిఫికెటే. ఇక్కడ జీలకర్ర బెల్లం పెట్టించిన ఫొటోలు జోడించి పంపకండి. అదృష్టం, మీవాళ్లు ముందు అక్కడ రిజిస్టర్ చేసుకున్నారు. హిందూ వివాహ చట్టం ఇద్దరూ హిందువులైతేనే వర్తిస్తుంది. ఒకరు క్రైస్తవులైతే ఆ చట్టం కింద పెళ్లి చెల్లదని సుప్రీంకోర్టు 2008లో చెప్పింది. వట్టి ఇక్కడి పెళ్లి మీదే ఆధారపడి ఉంటే మళ్లీ వేర్వేరు మతాలవాళ్ల పెళ్లిళ్లకు వర్తించే స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ దాకా వెళ్లాల్సి వచ్చేది.

డబ్బు జర్మనీ నుంచి బ్యాంకు ద్వారానే రావాలి. విదేశాల్లో ఉండేవాళ్లకు ఇక్కడి బ్యాంకులు ఇచ్చే ఎన్నారీ (NRE), ఎన్నారో (NRO) ఖాతాల నుంచి ఇవ్వొచ్చు. యూరో నోట్లు తెచ్చి ఇచ్చినా, ఇక్కడ చేబదులు తెచ్చి కట్టినా తర్వాత లెక్క తేలదు. ఇండియాలో ఉన్నప్పటి సేవింగ్స్ ఖాతా ఇంకా అలాగే ఉంటే దాన్ని ఎన్నారోగా మార్పించాలి. బ్యాంకు ఇచ్చే ప్రతి కాగితం దాచండి. రేపు ఇల్లు అమ్మి డబ్బు తిరిగి తీసుకెళ్లాల్సి వస్తే అవే ఆధారం. అమ్మేవాళ్లే విదేశాల్లో ఉంటే, మన హనుమకొండలో అది మామూలే కాబట్టి, కొనేవాళ్లు ధరలోంచి కోసి కట్టాల్సిన పన్ను (టీడీఎస్) ఒక శాతంతో సరిపోదు. అడ్వాన్స్ ఇచ్చేముందే సీఏని కలవండి.

వడ్డేపల్లి అన్నారు కాబట్టి ఒక మాట. చెరువు దగ్గర కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీల సర్టిఫికెట్) చూస్తే చాలదు. ఆ సర్వే నంబర్ శిఖంలో (చెరువు గర్భంలో) ఉందా, చెరువు పూర్తిగా నిండితే నీళ్లు నిలిచే ఎఫ్‌టీఎల్ గీత లోపల పడుతుందా అన్నది ఇరిగేషన్ మ్యాపులో చూడాలి. లేఅవుట్‌కు ‘కుడా’ (కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ) అనుమతి ఉందో లేదో అడగండి.

ఇక తోట. మీకు ఆ తోట మీద మనసుంది, ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. మీరు భారత పౌరులు, ఇక్కడే ఉంటారు. మీరు కొనొచ్చు. మీ డబ్బుతో కొనండి, లేదా అబ్బాయి మీకు నిజంగా బహుమతిగా బ్యాంకులో వేసిన డబ్బుతో కొనండి. కన్నకొడుకు తల్లిదండ్రులకు ఇచ్చే డబ్బు మీద మీకు పన్ను లేదు. కానీ అప్పుడు ఆ తోట మీదే, పేరుకు మాత్రమే మీది కాదు. ‘పేరు నాన్నది, అసలు యజమాని నేను’ అని లోపల కాగితం రాసుకుంటే అది బినామీ. దానికి ఏడాది నుంచి ఏడేళ్ల వరకు జైలు, ఆస్తి విలువలో పాతిక శాతం దాకా జరిమానా. అలాంటి కాగితం రాయించమని ఎవరొచ్చినా నేను రాయను.

మీ తర్వాత ఆ తోట అబ్బాయికి వారసత్వంగా రావడానికి అడ్డు లేదు. కొనడానికే నిషేధం, వారసత్వానికి కాదు. అయితే అతను విదేశంలో ఉంటూ అమ్మాలంటే ఇక్కడ నివసించేవాళ్లకే అమ్మాలి. వీలునామా లేకుండా మీరు కళ్లు మూస్తే అది మీ సొంత ఆస్తి కాబట్టి మీ భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమాన వాటాలు వస్తాయి. అమ్మాయికి అభ్యంతరం లేదని మీరు రాశారు. ఆ మాట తను అన్నదా, మీరు అనుకున్నారా? కరీంనగర్ వెళ్లి ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పి, తర్వాత వీలునామా రాయండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, అయినా చేయించండి.

‘ఇక్కడే స్థిరపడ్డాక ఓసీఐ కూడా భూమి కొనొచ్చు’ అని కొందరు వాదిస్తారు. 2021 మార్చి 4న హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ఓసీఐల హక్కుల్లోంచి వ్యవసాయ భూమిని మినహాయించింది. దాన్ని పక్కనబెట్టి కొనమని నేను చెప్పలేను. నిజంగా వ్యవసాయమే చేయాలనుకుంటే, ఓసీఐగా ఐదేళ్లయ్యాక, ఏడాది ఇక్కడే నివసించి, మళ్లీ భారత పౌరసత్వానికి దరఖాస్తు చేసుకోవచ్చు. అప్పుడు జర్మన్ పౌరసత్వం వదులుకోవాలి. ఆ నిర్ణయం వాళ్లిద్దరిదే, మీరు ఒత్తిడి పెట్టకండి.

ములుగు దాటాక ఏటూరునాగారం, తాడ్వాయి వైపు తక్కువకే వస్తుందని ఎవరైనా ఆశ పెడితే మీరు కూడా కదలకండి. అక్కడ గిరిజన ప్రాంతాల భూములను కాపాడే 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులకు కొనే హక్కే లేదు, విదేశీయులా స్వదేశీయులా అన్న తేడా కూడా లేదు.

ఈ వారం చేయాల్సింది ఒక్కటే. తోట యజమానిని కలిసి పాత అగ్రిమెంట్ రద్దు చేసుకుంటున్నట్టు రాతపూర్వకంగా రాయించుకోండి. తోట కావాలనుకుంటే ఆ రెండు లక్షలను జమ చేసుకుంటూ మీ పేరు మీద కొత్త అగ్రిమెంట్ రాయమనండి. ఆ రెండు లక్షలు అబ్బాయి పంపినవైతే, ఏ తేదీన, ఏ ఖాతా నుంచి వచ్చాయో స్టేట్‌మెంట్ తీసి దగ్గర పెట్టుకోండి. తోట యజమాని ఒప్పుకోకపోతే ఆ అగ్రిమెంట్, స్టేట్‌మెంట్ పట్టుకుని కోర్టు ఎదురుగా ఉన్న నా ఆఫీసుకు రండి, నోటీసు నేనే రాస్తాను.