నాన్నగారి వీలునామా: సాక్షుల విషయంలో మేము చేసిన పొరపాటు

మీ నాన్నగారికి గుంటూరులో స్వార్జితమైన ఇల్లు, తాతగారి నుంచి వచ్చిన రెండెకరాలు, మీ తమ్ముడి పేరు నామినీగా ఉన్న బ్యాంకు డిపాజిట్లు ఉన్నాయని, 74 ఏళ్ల వయసులో ఆయన వీలునామా రాయాలనుకుంటున్నారని రాశారు. తెల్లకాగితం మీద రాస్తే చెల్లుతుందా, రిజిస్ట్రేషన్ తప్పనిసరా, ఆయన తదనంతరం ప్రొబేట్, అంటే వీలునామా చెల్లుతుందని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ, తెచ్చుకోవాలా అన్నవి మీ ప్రశ్నలు. నేను న్యాయవాదిని కాను, కానీ మా నాన్నగారి వీలునామా మీద నాలుగేళ్లు కోర్టు చుట్టూ తిరిగినవాణ్ణి.

మూడింటికీ జవాబు చిన్నదే. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని ఆస్తుల విషయంలో హిందువుల వీలునామాలకు ప్రొబేట్ తప్పనిసరి కాదు; చెన్నై, ముంబయి, కోల్‌కతా నగరాలకు సంబంధించి ఏళ్ల తరబడి అమలైన నిబంధనను విని మనవాళ్లు అనవసరంగా కంగారు పడుతుంటారు. చట్టం గట్టిగా కోరేది వేరు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 63వ సెక్షన్ ప్రకారం, రాసిన వ్యక్తి సంతకం లేదా వేలిముద్ర వేయడాన్ని, లేదా అది తనదేనని ఆయన ఒప్పుకోవడాన్ని, కనీసం ఇద్దరు సాక్షులు ప్రత్యక్షంగా ఎరిగి, ఆయన సమక్షంలోనే తామూ సంతకం చేయాలి. వివాదం వస్తే, ఆ ఇద్దరిలో ఎవరైనా బతికి ఉండి, సాక్ష్యం చెప్పగల స్థితిలో ఉంటే, కనీసం ఒకరిని కోర్టులో విచారించి తీరాలి. పాత సాక్ష్య చట్టం 68వ సెక్షన్‌లో ఉన్న ఈ నియమమే 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 67వ సెక్షన్‌గా కొనసాగుతోంది. మేము దెబ్బతిన్నది సరిగ్గా ఇక్కడే.

మా నాన్నగారు 2008లో వీలునామా రాసి రిజిస్టరు కూడా చేయించారు. ఇల్లు అమ్మ జీవితకాలం అనుభవించి, ఆమె తదనంతరం నాకు చెందాలన్నది దాని సారాంశం. మొదటి సాక్షి ఆయనతో పాటు పనిచేసిన ఉపాధ్యాయుడు, ఇంచుమించు ఆయన ఈడువాడే. రెండో సాక్షి రావలసిన రోజున రాలేకపోవడంతో, దస్తావేజు లేఖరి బయట నిలబడి ఉన్న ఒకతన్ని పిలిచి సంతకం పెట్టించాడు. అప్పుడది మాకెవరికీ తప్పుగా తోచలేదు. మొదటి సాక్షి 2013లో, నాన్నగారు 2016లో కాలం చేశారు. మరుసటి ఏడు అన్నయ్య పంపకం కోసం దావా వేసి, ఆ వీలునామా నిజమైనది కాదన్నాడు. రిజిస్టరైన కాగితం ఉందిగదా అని నేను ధీమాగా ఉన్నాను. కానీ వీలునామాను చూపి హక్కు కోరేవాడే దానిని రుజువు చేయాలని, రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన ఆ భారం తప్పదని మా న్యాయవాది చెప్పాక తత్వం బోధపడింది. చిరునామాగా ఊరి పేరు మాత్రమే ఉన్న ఆ రెండో సాక్షిని వెతికి పట్టుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది. తీరా బోనెక్కాక అతడు, సంతకం తనదేగానీ, రోజూ ఎన్నో దస్తావేజులకు సంతకాలు పెడుతుంటాను కాబట్టి ఈయన తన కళ్లముందు సంతకం చేశారో లేదో గుర్తులేదన్నాడు. అబద్ధమాడాడని నేననుకోను, నిజంగానే గుర్తుండి ఉండదు.

సాక్షికి గుర్తులేనప్పుడు ఇతర ఆధారాలతో రుజువు చేయడానికి చట్టం అవకాశమిస్తుంది. నాన్నగారి పాత సంతకాలు, చేతిరాత నిపుణుడి అభిప్రాయం అంటూ ఆ దారిలో కొంతదూరం వెళ్లాం. అమ్మ ఆరోగ్యం చూసి చివరకు 2021లో లోక్ అదాలత్‌లో రాజీపడ్డాం. అమ్మ తదనంతరం ఇల్లు చెరిసగం.

అందుచేత రిజిస్ట్రేషన్ వద్దని కాదు, చేయించండి. అసలు కాగితం పోయినా, ఆయన తదనంతరం ధ్రువీకృత నకలు దొరుకుతుంది. ఆయన జీవించి ఉండగా ఆ నకలును ఆయనకో, ఆయన అధికారమిచ్చిన వారికో తప్ప ఇతరులకు ఇవ్వరు. కానీ సాక్షులుగా మీ నాన్నగారి కంటే పదిహేను ఇరవై ఏళ్లు చిన్నవాళ్లను, ఆయనను బాగా ఎరిగినవాళ్లను, వీలునామాలో ఏ వాటా లేనివాళ్లను పిలవండి. ఇద్దరు చాలునని చట్టం అన్నా, ముగ్గురిని పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. వాళ్ల పూర్తి చిరునామాలు రాయించండి. వైద్యుడు సాక్షిగా ఉంటే, మతిస్థిమితం గురించి తర్వాత లేవనెత్తే ప్రశ్నలకు కొంత సమాధానం ముందే ఉన్నట్టవుతుంది. మీకు ఎక్కువ వాటా ఇస్తున్నట్లయితే ఆ రోజు మీరు అక్కడ లేకపోవడమే మేలు. లబ్ధిదారుడు దగ్గరుండి అంతా నడిపించడాన్ని కోర్టులు అనుమానాస్పద పరిస్థితిగా చూస్తాయి.

డిపాజిట్ల విషయానికొస్తే, నామినీ అయిన మీ తమ్ముడు బ్యాంకు నుంచి సొమ్ము తీసుకోగలడేగానీ, అంతమాత్రాన దానికి యజమాని కాడు. వీలునామా ఉంటే దాని ప్రకారం, లేకుంటే వారసులందరికీ అది చెందుతుంది. నాన్నగారి ఉద్దేశం తమ్ముడికే ఇవ్వడమైతే ఆ మాట వీలునామాలో స్పష్టంగా రాయాలి.

రెండెకరాల సంగతి కొంచెం చిక్కైనది. తాతగారి నుంచి వచ్చిందంటే చాలు పిత్రార్జితమని, అందులో పిల్లలకు పుట్టుకతోనే హక్కుందని మనలో బలమైన నమ్మకం ఉంది. అది తాతగారి స్వార్జితమై, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వచ్చిన తర్వాత ఆయన వీలునామా లేకుండా కాలం చేసి ఉంటే, మీ నాన్నగారికి వచ్చిన భాగం ఆయన సొంత ఆస్తే, ఇష్టమైనవారికి రాయవచ్చు. అలాకాక ఉమ్మడి కుటుంబ ఆస్తి పంపకంలో వచ్చిందైతే, కూతుళ్లతో సహా పిల్లలందరికీ అందులో హక్కుంటుంది, ఆయన తన వాటా వరకే రాయగలరు. తాతగారు ఎప్పుడు కాలం చేశారో, పంపకం కాగితం ఏమైనా ఉందో మీరు రాయలేదు. అవి న్యాయవాదికి చూపించి తేల్చుకునేదాకా, ఆ భూమి దగ్గర 'అందులో నాకు గల హక్కు మేరకు' అని రాయించండి.