తెల్ల కప్ప తిండి మానేసి పొరలు విడుస్తోందా? మందు కన్నా ముందు నీళ్ళు చూడండి

టెక్కలి నుంచి మీరు అడిగింది ఇదీ: విశాఖపట్నంలో అక్వేరియం దుకాణంలో కొన్న తెల్ల కప్ప వారం రోజులుగా ఏమీ ముట్టడం లేదు. ఒంటి మీద నుంచి పొరలు ఊడి నీళ్ళలో తేలుతున్నాయి. దుకాణదారు నీలం మందు వేయమన్నాడు, మీ అత్తగారు చెరువులో వదిలేయమన్నారు. ఏది చేయాలి?

ప్రస్తుతానికి రెండూ వద్దండి. అసలు సంగతి మీరు మాటవరసకు రాసిన వాక్యంలో ఉంది: తొట్టెను ఈ మధ్యే హాల్లో కిటికీ పక్కకు మార్చారు. అదీ మే నెలలో.

తెల్లటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, వెనక కాళ్ళ వేళ్ళకు గోళ్ళు, ఎప్పుడూ నీళ్ళలోనే ఉండడం... ఈ గుర్తులన్నీ ఆఫ్రికా గోళ్ళ కప్పవి. దక్షిణ ఆఫ్రికా దాని సొంత ఊరు. దానికి 18 నుంచి 22 డిగ్రీల నీళ్ళు హాయి, 24 దాకా ఓర్చుకుంటుంది. మన జిల్లాల్లో వేసవిలో కిటికీ పక్క తొట్టె 30 దాటడానికి ఎంతో సేపు పట్టదు. విజయనగరంలో మా ఇంట్లోనూ ఇదే రకం కప్ప కొన్నేళ్ళుగా ఉంది. ఎండలు ముదిరాయంటే తిండి మీద దానికి మనసు పోదు. నీళ్ళు చల్లబడ్డాక మళ్ళీ తనంతట తానే తింటుంది. కాబట్టి మొదట ఒక అక్వేరియం థర్మామీటరు కొనండి. పెద్ద ఖర్చేమీ కాదు. చెయ్యి పెట్టి చూసి చల్లగానే ఉందనుకోవద్దు. మన చేతికి 30 డిగ్రీల నీళ్ళు కూడా చల్లగానే తగులుతాయి.

చర్మం ఊడడం విషయానికి వద్దాం. అది జబ్బు కాదు, కప్పలన్నీ పాత పొర విడుస్తూనే ఉంటాయి. ఆరోగ్యంగా ఉన్న కప్ప పొర ఎలా విడుస్తుందో ఒకసారి దగ్గరగా చూస్తే తేడా మీకే తెలుస్తుంది. వీపు కాస్త గూనిగా పెట్టి, వెనక కాళ్ళతో పక్కలు రుద్దుకుంటుంది. ఉల్లిపొరంత పలచటి చర్మం తల వైపు జరుగుతూ ముడతలు పడుతుంది. దాన్ని ముందు చేతులతో నోట్లోకి కుక్కుకుని మింగేస్తుంది. కాసేపట్లో అంతా అయిపోతుంది, కొత్త చర్మం నున్నగా మెరుస్తుంది. పొర తినడం చూసి మా అబ్బాయి ముఖం చిట్లించాడు గాని, అందులోని మాంసకృత్తులు వృథా పోకుండా అది చేసుకునే ఏర్పాటే ఇది.

మీరు చెప్పేది వేరు. పొర ముక్కలు ముక్కలుగా ఊడుతోంది, కప్ప దాన్ని తినడం లేదు, రెండు రోజులకే మళ్ళీ ఊడుతోంది. చర్మానికి ఏదో మంట పెడుతోందని దీని అర్థం. అన్నిటికన్నా ముందు అనుమానించాల్సింది అమ్మోనియాను. కప్ప తినడం లేదని మీరు రోజూ కొత్తగా మేత వేస్తున్నానన్నారు కదా, ఆ మేత వేడి నీళ్ళలో త్వరగా కుళ్ళి అమ్మోనియా అవుతుంది. అదే మోతాదు అమ్మోనియా చల్లటి నీళ్ళలో కన్నా వేడి నీళ్ళలో ఎక్కువ హాని చేస్తుంది కూడా. కప్ప చర్మం గుండానే నీళ్ళు పీల్చుకుంటుంది, కొంత శ్వాస కూడా దాని గుండానే. అందుకే తిండి మానడం, చర్మం ఊడడం రెండు జబ్బులని అనుకోకండి, ఒకే కారణం రెండు చోట్ల కనిపిస్తోందేమో చూడండి. అమ్మోనియా పరీక్ష చుక్కలు అక్వేరియం దుకాణాల్లో దొరుకుతాయి. ఫలితం సున్నా ఉండాలి.

ఇప్పుడు చేయాల్సిన పని. తొట్టెను ఎండ తగలని గదిలోకి, వీలైతే నేల మీదకు మార్చండి. మిగిలిన మేత తీసేయండి. నాలుగో వంతు నీళ్ళు తీసి అంతే కొత్త నీళ్ళు పోయండి, మర్నాడు మళ్ళీ అలాగే. మొత్తం ఒక్కసారిగా మార్చకండి. ఫిల్టరును కుళాయి కింద కడిగారంటే అమ్మోనియాను హరించే సూక్ష్మజీవులు కొట్టుకుపోతాయి. మున్సిపల్ కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు వేసి వాడండి. బోరు నీళ్ళయితే ఉప్పదనం ఉందేమో రుచి చూడండి. తీరం దగ్గరి బోర్లలో అది మామూలే.

చల్లబరచడానికి గాజు మూత తీసి గట్టి వలమూత పెట్టి, నీటి మీదకు టేబుల్ ఫ్యాను తిప్పండి. మూత మాత్రం ఉండి తీరాలి, ఈ కప్ప గెంతి బయట పడితే ఒళ్ళు ఎండిపోతుంది. గాలి పొడిగా ఉన్న రోజు ఫ్యానుకే నీళ్ళు రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. ఉక్కపోత రోజుల్లో అంత దిగవు. అప్పుడు ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీళ్ళ సీసాను, మూత బిగించి, తేలేలా వదలండి. నెమ్మదిగా దిగాలి, అయిదారు డిగ్రీలు ఒకేసారి పడిపోతే అదో దెబ్బ. నేరుగా ఐసు వేయకండి.

మేత నాలుగు రోజులు పూర్తిగా ఆపండి. ఎదిగిన కప్పకు వారానికి రెండు మూడు సార్లు చాలు. ఒంట్లో కండ ఉన్న కప్ప రెండు వారాలు తినకపోయినా ప్రమాదం లేదు. ఆ తర్వాత ఒక వానపామును కడిగి దాని ముందు వదలండి. గుళికలకు కదలని కప్ప వానపాముకు కదులుతుంది. పురుగుమందు కొట్టిన పొలం గట్టున తవ్వినవి మాత్రం వద్దు. నోరు తెరిచి బలవంతంగా పెట్టవద్దు.

అడుగున రంగు గులకరాళ్ళు ఉన్నాయా? ఉంటే తీసేయండి. దీనికి నాలుక లేదు. అందింది అందినట్టు చేతులతో నోట్లోకి తోసేస్తుంది. రాయి కడుపులో ఇరుక్కున్నా తిండి మానేస్తుంది.

ఇంకొకటి, మన ఇళ్ళలో ఎవరికీ తట్టనిది: దోమల మందు. కాయిల్స్, ప్లగ్గులో పెట్టే ద్రవం, స్ప్రే, వీటిలో ఉండే పైరెత్రాయిడ్ మందులు నీటి జీవులకు విషం. ఆ గదిలో అవి వాడకండి. ఒంటికి దోమల క్రీము రాసుకున్న చేతులు నీళ్ళలో పెట్టకండి. పిల్లలు తొట్టెను ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, కప్పల మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉండవచ్చు.

నీలం మందు ఎందుకు వద్దన్నానంటే, చేపల కోసం చేసిన మందులు చాలా వరకు కప్ప చర్మం గుండా నేరుగా ఒంట్లోకి ఇంకుతాయి. జబ్బు ఏదో తెలియకుండా వేస్తే అసలే మండుతున్న చర్మానికి మరో మంట. ఇక పక్కల వరసగా కనిపించే చిన్న తెల్ల గీతల గురించి అడిగారు. అవి పుండ్లు కావు. నీటి కదలికలను పసిగట్టే అవయవాలు, పుట్టుకతోనే ఉంటాయి. పంపు ధార మరీ జోరుగా ఉంటే కప్ప కుదురుగా ఉండలేకపోవడానికి కారణం కూడా ఇవే.

నీళ్ళు సర్దినా వారంలో మార్పు లేకపోతే, లేదా తొడల లోపలి వైపు, కడుపు కింద ఎర్రబడినా, దూదిలాంటి బూజు కనిపించినా, ఒళ్ళు ఉబ్బినా ఇంట్లో ప్రయోగాలు ఆపి పశువైద్యుణ్ణి కలవండి. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. కప్పను చూస్తారో లేదో ముందే కనుక్కుని బయలుదేరండి. తీసుకెళ్ళేటప్పుడు తొట్టె నీళ్ళే కొంచెం మూత ఉన్న డబ్బాలో పోసి, మూతకు చిల్లులు పెట్టండి. వేరే సీసాలో మరికొన్ని నీళ్ళు పట్టుకెళ్ళండి, పరీక్షకు పనికొస్తాయి.

మీ అత్తగారు జాలితోనే అన్నారు, కాని చెరువు మాట మరచిపోండి. కైట్రిడ్ అనే చర్మ శిలీంధ్రాన్ని శాస్త్రవేత్తలు 1990ల చివర్లో గుర్తించారు. లోకంలో ఎన్నో కప్ప జాతులు దానివల్ల దెబ్బతిన్నాయి. మీ ఇంట్లోని ఈ జాతి పైకి ఏ లక్షణమూ లేకుండానే దాన్ని మోయగలదు. మన చెరువుల్లో, వరి మడుల్లో అరిచే కప్పలకు ఆ ముప్పు మనం తెచ్చిపెట్టకూడదు. తొట్టె నీళ్ళు కూడా కాలువలో పారబోయకండి, బ్లీచింగ్ పౌడర్ కలిపి కొన్ని గంటలు ఉంచాక మరుగుదొడ్డిలో పోయండి.

ఉష్ణోగ్రత, అమ్మోనియా అంకెలు, పగటి వెలుతురులో కడుపు వైపు తీసిన ఫోటో ఇక్కడే పెట్టండి. అవి చూస్తే ఇంకాస్త గట్టిగా చెప్పగలను.