పళ్ల చికిత్స మొత్తానికి ఒకేసారి అప్పు చేయాలా?

ప్రశ్న: ఒక దవడ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేయాలని, రెండు పళ్లకు ఫిల్లింగ్, చిగుళ్లకు డీప్ క్లీనింగ్ అవసరమని, పదేళ్ల కిందట తీయించుకున్న పన్ను స్థానంలో ఇంప్లాంట్ (దవడ ఎముకలో స్క్రూ బిగించి దానిపై అమర్చే కృత్రిమ పన్ను) పెట్టాలని డాక్టరు చెప్పారు. మొత్తం ఖర్చు నా నాలుగు నెలల జీతానికి సమానం. పర్సనల్ లోన్ తీసుకోనా? రూట్ కెనాల్ బదులు పన్ను తీయించేస్తే ఖర్చు తగ్గదా?

సమాధానం: ఈ ఖర్చంతా ఒకే నెలలో పెట్టవలసినది కాదు కనుక, మొత్తానికి అప్పు చేయవద్దనే నా సలహా. చెడిపోతున్న వాటికి ముందు డబ్బు కేటాయించండి. రూట్ కెనాల్, ఫిల్లింగులు, చిగుళ్ల చికిత్స ఆ కోవలోకి వస్తాయి. వీటికి అత్యవసర నిధిని నిస్సంకోచంగా వాడండి. పైనున్న ఎనామెల్ కంటే దాని కింద ఉండే డెంటిన్ పొర మెత్తన కాబట్టి, పుచ్చు అక్కడికి చేరాక త్వరగా విస్తరిస్తుంది. ఈరోజు ఫిల్లింగుతో సరిపోయేది రేపు రూట్ కెనాల్‌కు దారితీయవచ్చు. చిగుళ్ల వ్యాధి చాలాకాలం నొప్పి లేకుండానే ఎముకను కరిగిస్తుంది, కరిగిన ఎముక దానంతటదే తిరిగి పెరగదు. మధుమేహం ఉంటే ఈ నష్టం ఇంకా ఎక్కువ.

పన్ను తీయించడం ఆ రోజుకు చవకే. కానీ ఖాళీ వైపు పక్క పళ్లు ఒరుగుతాయి, ఎదుటి పన్ను దిగుతుంది లేదా లేస్తుంది, ఆ చోట ఎముక తగ్గుతుంది. చివరికి మీరు రెండో ఇంప్లాంట్‌కు డబ్బు వెతుక్కోవలసి రావచ్చు. పన్ను నిలుస్తుందని డాక్టరు చెబితే దాన్ని కాపాడుకోండి. రూట్ కెనాల్ చేసిన దవడ పన్ను క్యాప్ లేకపోతే విరిగే ప్రమాదం ఉంది గనుక, అంచనాలో క్యాప్ ధర కలిసిందో లేదో ముందే అడగండి.

అన్నిటికంటే పెద్ద పద్దు ఇంప్లాంట్. పదేళ్ల ఖాళీకి మరికొన్ని నెలలు ఆగవచ్చా అని డాక్టరును సూటిగా అడగండి. చిగుళ్లు కుదుటపడకుండా దాన్ని ఎలాగూ పెట్టకూడదు. ఆ వ్యవధిలో నెలనెలా వేరే ఖాతాలో జమ చేయండి. స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి సాధారణంగా 3 నుంచి 6 నెలలు పడుతుంది కాబట్టి, చెల్లింపును కూడా దశలవారీగా అడగవచ్చు.

స్కానింగుల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. ఓపీజీ అనే ఎక్స్‌రే రెండు దవడలనూ ఒకే చదునైన చిత్రంలో చూపుతుంది. సీబీసీటీ అనే త్రీడీ స్కాన్ ఎముక ఎత్తు, వెడల్పు, నరం ఎంత దూరంలో ఉందో మూడు కోణాల్లో చూపుతుంది. దాన్ని ఇంప్లాంట్ సమయానికి దగ్గరగా తీయించుకోండి, లేదంటే రెండుసార్లు చెల్లించాల్సి రావచ్చు. తీసిన ప్రతి చిత్రం డిజిటల్ కాపీ మీ దగ్గర ఉంచుకుంటే, రెండో అభిప్రాయానికి వెళ్లినప్పుడు ఖర్చూ రేడియేషనూ తగ్గుతాయి.

మీకు బీమా ఉంటే, ప్రమాదంలో విరిగిన పళ్లకు మాత్రమే వర్తిస్తుందా, వెయిటింగ్ పీరియడ్ (పాలసీ తీసుకున్నాక క్లెయిమ్‌కు ఆగాల్సిన కాలం) ఎంత, ఏడాది పరిమితి ఎంత అన్నవి చదవండి. పరిమితి ఉన్న పాలసీ అయితే ఇంప్లాంట్‌ను తర్వాతి పాలసీ ఏడాదికి జరపడం వల్ల రెండేళ్ల పరిమితులూ మీకు ఉపయోగపడవచ్చు.